ఇన్సులిన్ సీసాతో పోటీ పడాల్సిన గ్రంథి మార్పిడి

దేవరకొండలోనో అచ్చంపేటలోనో టైప్-1 షుగర్ ఉన్న పిల్లల తల్లిదండ్రులను కదిలిస్తే, మాటల మధ్యలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. కిడ్నీ మారుస్తున్నారు, లివర్ మారుస్తున్నారు, గుండె కూడా మారుస్తున్నారు. మరి ఇన్సులిన్ తయారు చేసే గ్రంథిని ఎందుకు మార్చరని. న్యాయమైన ప్రశ్నే. రోజుకు నాలుగు సూదులు, మచ్చలు పడ్డ వేళ్ల కొసలు, రాత్రి నిద్రలో షుగర్ పడిపోతుందేమోనన్న భయం, మే నెల ఎండల్లో కరెంటు పోతే ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ ఏమవుతుందోనన్న టెన్షన్. ఇవన్నీ ఒక్క ఆపరేషన్‌తో పోతాయంటే ఎవరికి చేదు?

సూటిగా చెప్పాలంటే మార్చవచ్చు. 1966 డిసెంబర్‌లోనే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విలియం కెల్లీ, రిచర్డ్ లిల్లీహై అనే సర్జన్లు మనిషికి క్లోమాన్ని మార్చారు. డాక్టర్లు పాంక్రియాస్ అనేది దీన్నే. అరవై ఏళ్లు కావస్తున్నా ఇది కిడ్నీ మార్పిడిలా ఊరూరా వినిపించే ఆపరేషన్ కాలేదు. సర్జన్లకు చేతకాక కాదు. మార్చిన గ్రంథిని ఒంట్లో బతికించుకోవడానికి పడే పాట్లు, చాలామంది రోగుల విషయంలో, సూదులతో పడే పాట్ల కంటే ఎక్కువ.

కిడ్నీతో పోల్చడం దగ్గరే లెక్క తప్పుతుంది. కిడ్నీలు రెండూ చెడిపోతే మిగిలేది డయాలసిస్. వారానికి రెండు మూడు సార్లు నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో వెళ్లి నాలుగేసి గంటలు మంచానికి అతుక్కుని ఉండాలి. దానికంటే జీవితాంతం మందులు మింగుతూ కొత్త కిడ్నీతో బతకడమే నయం. గ్రంథి సంగతి వేరు. షుగర్ విషయంలో అది చేసే పనల్లా రక్తంలోకి ఒక హార్మోన్ వదలడం. ఆ హార్మోన్‌ను ఫ్యాక్టరీలో తయారు చేయగలిగితే గ్రంథి లేకపోయినా రోజులు గడుస్తాయి. కాబట్టి గ్రంథి మార్పిడి గెలవాల్సింది సీసాలో దొరికే మందు మీద. జబ్బు మీద గెలిస్తే సరిపోదు.

థైరాయిడ్ చరిత్ర చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడర్ కోచర్ అనే సర్జన్ గొంతు వాపు ఉన్నవాళ్లకు థైరాయిడ్ మొత్తం తీసేసేవాడు. కొన్నాళ్లకు వాళ్ల ఒళ్లు ఉబ్బి, మాట మందగించి, బుద్ధి మొద్దుబారడం గమనించాడు. 1883లో అలాంటి ఒక రోగికి వేరే మనిషి థైరాయిడ్ ముక్కను పెట్టి చూశాడు. ఆధునిక అవయవ మార్పిడి అక్కడే మొదలైందని చాలామంది వైద్య చరిత్రకారుల అభిప్రాయం. కానీ 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఎక్కించి ఒకావిడను కాపాడాడు. ఆ మందుతోనే ఆమె మరో 28 ఏళ్లు బతికింది. ఆ తర్వాత మెల్లగా థైరాయిడ్ మార్పిడి కథ ముగిసింది. ఇవాళ మిర్యాలగూడలో ఏ మెడికల్ షాపులో అడిగినా థైరాక్సిన్ గోలీలు ఉంటాయి, రోజుకు రెండు మూడు రూపాయల ఖర్చు. అది కాదని థైరాయిడ్ మార్చుకోమని బుద్ధి ఉన్న డాక్టర్ ఎవరూ చెప్పరు.

ఈ మధ్యలో నవ్వు పుట్టించే కథలూ లేకపోలేదు. 1920లలో పారిస్‌లో సెర్జ్ వొరొనోఫ్ అనే సర్జన్ కోతుల వృషణాల ముక్కలను ముసలి ధనవంతులకు కుట్టి, మళ్లీ యవ్వనం వస్తుందని చెప్పి పేరూ డబ్బూ బాగా సంపాదించాడు. ఆ ముక్కలను ఒళ్లు ఎప్పుడో చంపేసి ఉంటుంది. వచ్చిన ఉత్సాహమంతా నమ్మకం ఇచ్చిందే.

థైరాయిడ్‌కు చెల్లిన చీటీ ఇన్సులిన్‌కు పూర్తిగా చెల్లలేదు. థైరాక్సిన్ ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, ఒక పూట మరిచిపోయినా కొంప మునగదు. ఇన్సులిన్ అవసరం మాత్రం నిమిషనిమిషానికీ మారుతుంది. తిన్న జొన్నరొట్టెకు ఒక లెక్క, పెళ్లి భోజనానికి ఇంకో లెక్క, పొలంలో పనికి మరో లెక్క, జ్వరానికి వేరే లెక్క. క్లోమంలోని బీటా కణాలు రక్తంలో గ్లూకోజ్ ఎంతుందో చూసుకుంటూ అప్పటికప్పుడు తగినంత ఇన్సులిన్ వదులుతాయి. 1922లో టొరంటోలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇన్సులిన్ సూది పడినప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పనిని చేత్తో చేస్తున్నది రోగి, రోగి ఇంటివాళ్లు. లెక్క ఎక్కువైతే లో షుగర్. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న కొందరిలో చెమటలు, వణుకు లాంటి హెచ్చరికలు కూడా రావు, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుంది. సీసాలోని మందు ఓడిపోయేది ఇలాంటి వాళ్ల దగ్గరే. మార్పిడి ముందుగా పనికొచ్చేదీ వాళ్లకే.

క్లోమం మొత్తం బరువు వంద గ్రాముల లోపే. అందులో ఎక్కువ భాగం అన్నం అరగడానికి కావలసిన రసాలు తయారు చేస్తుంది. హార్మోన్లు చేసేవి అక్కడక్కడా చెదిరి ఉండే కణాల గుంపులు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి వీటిని మొదట చూశాడు కాబట్టి లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. పది లక్షల దాకా ఉంటాయి, అన్నీ కలిపి తూచినా ఒకటి రెండు గ్రాములే. ఆ గ్రాము కోసం, జీర్ణరసాలు కారే గ్రంథిని మొత్తంగా కుట్టడం ప్రమాదంతో కూడిన పని. అందుకే పుటికలను మాత్రమే వేరు చేసి, కాలేయానికి వెళ్లే పెద్ద సిరలోకి ఎక్కించే పద్ధతి వచ్చింది. పొట్ట కోయక్కర్లేదు, సన్నని గొట్టం చాలు.

2000 సంవత్సరంలో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం ఏడుగురికి ఇలా ఎక్కిస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. ప్రపంచమంతా ఇది పెద్ద వార్త. ఐదేళ్ల తర్వాత, అప్పటికి చికిత్స పొందిన వాళ్లందరినీ లెక్కేస్తే, ఇన్సులిన్ లేకుండా మిగిలింది దాదాపు పది శాతం మందే. ఈ రెండో వార్త అంతగా ఎవరికీ చేరలేదు. అయితే సుమారు ఎనభై శాతం మందిలో మార్చిన కణాలు ఎంతో కొంత ఇన్సులిన్ చేస్తూనే ఉన్నాయి, ప్రాణం మీదికి తెచ్చే లో షుగర్ బెడద బాగా తగ్గింది. దీన్ని ఓటమి అనలేం, విజయమనీ చాటలేం. ఒక్కొక్కరికి తరచుగా ఇద్దరు దాతల క్లోమాలు కావాల్సి వచ్చింది కూడా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ తరహా కణాల చికిత్సకు అనుమతి ఇచ్చేసరికి 2023 జూన్ వచ్చింది.

మరి ఆ కణాలు ఏమైపోతున్నాయి? కొన్ని రక్తం తగలగానే చుట్టూ గడ్డకట్టి మొదటి రోజుల్లోనే చస్తాయి. మిగిలిన వాటికి శత్రువులు ఇద్దరు.

మొదటి శత్రువు అవయవ మార్పిడిలో అందరికీ తెలిసిందే. దాదాపు ప్రతి కణం పైనా హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులుంటాయి, ఒకరివి ఇంకొకరికి దాదాపు కలవవు. కృష్ణ దాటి వచ్చే వడ్ల లారీలను వాడపల్లి చెక్‌పోస్టు దగ్గర ఆపి కాగితాలు చూసినట్టు, టీ-కణాలు అనే తెల్ల రక్తకణాలు ఈ గుర్తులను చూస్తాయి. పరాయి కాగితం కనిపిస్తే బండి ముందుకు కదలదు. డాక్టర్లు తిరస్కరణ అనేది దీన్నే. చర్మం ముక్కల మీద ప్రయోగాలతో ఈ సంగతి తేల్చిన పీటర్ మెడవార్‌కు 1960లో నోబెల్ వచ్చింది.

రెండో శత్రువు టైప్-1 షుగర్‌కు ప్రత్యేకం. అసలు ఈ జబ్బు వచ్చిందే రోగనిరోధక వ్యవస్థ సొంత బీటా కణాలను చంపడం వల్ల. 1980లలో మిన్నెసోటాలో ఒక విషయం బయటపడింది. కవలల్లో ఒకరికి షుగర్ ఉంటే, అచ్చం అదే జన్యువులున్న రెండోవారి క్లోమంలో సగం తీసి పెట్టారు. పరాయి కణం కాదు కాబట్టి తిరస్కరణ ఉండదు, మందులు అక్కర్లేదు అనుకున్నారు. తిరస్కరణ నిజంగానే రాలేదు. పాత జబ్బే మళ్లీ వచ్చి కొత్త బీటా కణాలను మింగేసింది. అంటే దాత ఎంత దగ్గరి చుట్టమైనా, గుర్తులు ఎంత కలిసినా, ఈ రోగులకు కాపలా తప్పదు.

ఇప్పటిదాకా ఆ కాపలా మందులదే. వాటి పుట్టుక చిత్రంగా ఉంటుంది, మూడు ముఖ్యమైన మందులూ మట్టిలోంచే వచ్చాయి. సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలోని బూజు నుంచి, టాక్రోలిమస్ జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి, సిరోలిమస్ పసిఫిక్‌లోని ఈస్టర్ దీవి మట్టి నుంచి. 1983లో సైక్లోస్పోరిన్ అమెరికాలో అమ్మకానికి వచ్చాక అవయవ మార్పిడి రూపురేఖలే మారిపోయాయి. కానీ ఈ మందులు పరాయి కణం మీద దాడిని మాత్రమే ఆపి ఊరుకోవు, ఒంటి కాపలా మొత్తాన్నీ సడలిస్తాయి. పైగా టాక్రోలిమస్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, బీటా కణాలకూ మంచిది కాదు. కిడ్నీ మార్పిడి అయ్యాక ఈ మందుల వల్ల కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు ఉన్నారు. షుగర్ పోగొట్టడానికి పెట్టిన కణాలను కాపాడే మందే షుగర్ తెచ్చిపెట్టగలగడం ఈ రంగంలోని పెద్ద ఎగతాళి.

మన దగ్గర దీనికి టీబీ తోడవుతుంది. దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, రోగనిరోధక శక్తి తగ్గితే లేస్తుంది. లేచిందనుకుందాం. టీబీకి ఇచ్చే ప్రధాన మందు రిఫాంపిసిన్. అది కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి టాక్రోలిమస్‌ను త్వరత్వరగా కరిగించేస్తుంది. రక్తంలో మందు మోతాదు ఢమాల్న పడిపోతుంది, మార్చిన అవయవం తిరస్కరణకు గురవుతుంది. మోతాదు పెంచుకుంటూ పోవాలి, లేదా రిఫాంపిసిన్ లేని టీబీ మందులకు మారాలి. ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్ దీనికి సరిగ్గా రివర్స్, టాక్రోలిమస్‌ను విషం స్థాయికి పెంచగలదు. అందుకే ఈ మందు వాడేవాళ్లు రక్తంలో దాని పాళ్లు మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. పీహెచ్‌సీలో చేసే పరీక్ష కాదది. పాలమూరు నుంచి పుణెకో ముంబైకో పనికి వెళ్లే కుటుంబం, ప్రతిసారీ వేరే ఊరి డాక్టర్, చీటీ చూడకుండా ఇచ్చే యాంటీబయాటిక్... ఈ పరిస్థితుల్లో ఆపరేషన్ కంటే ఆ తర్వాతి పదేళ్లే కష్టం. ఇన్సులిన్‌తో షుగర్ బాగానే అదుపులో ఉన్న పన్నెండేళ్ల పిల్లకు ఈ బేరం కుదరదు. అప్పటికే కిడ్నీ మార్పిడికి సిద్ధమైన టైప్-1 రోగికి మాత్రం కుదురుతుంది. ఆ మందులు ఎలాగూ వాడాలి కాబట్టి కిడ్నీతో పాటే క్లోమాన్నీ పెడతారు.

తిరస్కరణ బెడద అసలే లేని గ్రంథి మార్పిడి ఒకటుంది, అది ఏనాటి నుంచో మామూలుగా జరుగుతోంది. సొంత గ్రంథిని ఒక చోట నుంచి తీసి ఇంకో చోట పెట్టడం. థైరాయిడ్ వెనక మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒక్కోటి పెసరగింజ కంటే కాస్త పెద్దది, రక్తంలో క్యాల్షియంను చూసుకునేవి అవే. థైరాయిడ్ ఆపరేషన్‌లో పొరపాటున ఒకటి ఊడివస్తే, సర్జన్ దాన్ని సన్నని ముక్కలుగా తరిగి మెడ కండరంలో చిన్న జేబు చేసి పెట్టేస్తాడు. కొన్ని వారాల్లో వాటికి కొత్త రక్తనాళాలు పుట్టి పని మొదలెడతాయి. సొంత కణాలు కాబట్టి ఏ మందూ అక్కర్లేదు.

నల్లగొండ వాళ్లకు ఈ చిన్న గ్రంథి కొత్త కాదు, కాకపోతే పేరు తెలియకపోవచ్చు. మర్రిగూడ, మునుగోడు వైపు లాగే ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన వాళ్లలో కొందరికి పారాథైరాయిడ్ అతిగా పనిచేస్తుందని 1970లలోనే ఫ్లోరోసిస్ రోగులపై పరిశోధనలు తేల్చాయి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక నుంచి క్యాల్షియం తేలిగ్గా ఊడిరాదు, అందుకే గ్రంథి మరింత గట్టిగా పనిచేస్తుంది. ఇక్కడ మార్పిడి మందు కాదు, మంచి నీళ్లు, క్యాల్షియం, విటమిన్-డి కావాలి. పటిక, సున్నంతో నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు పడిపోయింది, ఆ పేరు వెనక ఉన్న కష్టం మనది. కిడ్నీలు చెడి ఏళ్ల తరబడి డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో ఈ నాలుగు గ్రంథులూ ఉబ్బిపోతే ఇంకో ఉపాయం ఉంది. అన్నీ తీసేసి, ఒకదాంట్లో కొన్ని ముక్కలు ముంజేతి కండరంలో పెడతారు. మళ్లీ పెరిగితే మెడ కోయక్కర్లేదు, చెయ్యి మొద్దుబారేలా సూది వేసి నాలుగు ముక్కలు తీసేస్తే సరి.

క్లోమంలోనూ ఇలాంటిదే ఉంది. దీర్ఘకాలపు క్లోమవాపుతో నొప్పి భరించలేని వాళ్లకు క్లోమం మొత్తం తీసి, దాంట్లోంచి పుటికలు ఏరి, అదే మనిషి కాలేయంలోకి ఎక్కిస్తారు. మిన్నెసోటాలో 1977లో మొదలైన ఈ ఆపరేషన్ హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలోనూ జరిగింది. ఈ రోగులకు టైప్-1 దాడి లేదు, కణాలు సొంతవి. కాబట్టి ఇద్దరు శత్రువులూ లేరు.

ఈ అనుభవం నుంచే పరిశోధకులకు దారి దొరికింది. మనిషి కాపలాను పడగొట్టే బదులు కణాన్నే దాచేస్తే? మొదటి ప్రయత్నం గోడ కట్టడం. 1980లో లిమ్, సన్ అనే శాస్త్రవేత్తలు సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో పుటికల చుట్టూ గుళిక కట్టి ఎలుకల్లో పెట్టారు. గ్లూకోజ్ లోపలికి వెళ్తుంది, ఇన్సులిన్ బయటికి వస్తుంది, టీ-కణాలు దూరలేవు. ఆలోచన చక్కగానే ఉంది కానీ, ఒళ్లు ఆ గుళిక చుట్టూ మచ్చకణజాలం కట్టేసి లోపలి కణాలకు ఆక్సిజన్ అందకుండా చేస్తుంది. నలభై ఏళ్లు దాటినా ఆ చిక్కు పూర్తిగా విడలేదు.

రెండోది కణం మీది కాగితాలే మార్చేయడం. జన్యు సవరణతో హెచ్‌ఎల్‌ఏ గుర్తులు తీసేస్తే టీ-కణాలకు పరాయిదని తెలియదు. కానీ కాగితమే లేని బండినీ వదలని ఇంకో కాపలా ఉంది, సహజ హంతక కణాలు. గుర్తులు లేకపోవడమే వాటికి అనుమానం. అందుకని సీడీ47 అనే మాంసకృత్తిని ఎక్కువగా పుట్టించి, ఆ దాడిని కూడా ఆపుతారు. 2024 డిసెంబర్‌లో స్వీడన్‌లోని ఉప్సలాలో 42 ఏళ్ల టైప్-1 రోగి ముంజేతి కండరంలో ఇలా సవరించిన, దాత నుంచి తీసిన కణాలు పెట్టారు. తిరస్కరణ ఆపే మందు ఒక్కటీ ఇవ్వలేదు. పన్నెండు వారాల తర్వాత కూడా ఆ కణాలు ఇన్సులిన్ చేస్తున్నాయని 2025 ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. సవరణ సరిగా జరగని కణాలను ఆయన ఒళ్లు చంపేసింది, సరిగా జరిగినవి బతికాయి. ఒకే చేతిలో ఇంత స్పష్టమైన పోలిక దొరకడం అరుదు. అయితే పెట్టిన మోతాదు చాలా చిన్నది, ఆయన ఇన్సులిన్ సూదులు వాడుతూనే ఉన్నాడు. 'షుగర్ నయమైంది' అని ఫోన్లలో తిరిగిన ఫార్వర్డులు ఈ మాట మింగేశాయి.

దాతల కొరతకు జవాబు మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా పెంచగల స్టెమ్ సెల్స్. ల్యాబ్‌లో మూలకణాల నుంచి పెంచిన పుటికలను 12 మందికి పూర్తి మోతాదులో ఇస్తే, ఏడాది తిరిగేసరికి పది మందికి ఇన్సులిన్ అవసరం లేకుండా పోయిందని 2025 జూన్‌లో వెర్టెక్స్ కంపెనీ ప్రయోగం చూపింది. గొప్ప ఫలితమే. కానీ వాళ్లంతా తిరస్కరణ మందుల మీదే ఉన్నారు, ఆ ప్రయోగంలో ఇద్దరు చనిపోయారు, అందులో ఒకరి చావు మెదడు పొరలకు ఫంగస్ సోకడం వల్ల. కాపలా సడలితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే అక్కర్లేదు. చైనాలోని తియాన్‌జిన్‌లో ఒక 25 ఏళ్ల యువతికి ఆమె సొంత కణాల నుంచే పుటికలు తయారు చేసి పొట్ట కండరాల దగ్గర పెడితే, రెండున్నర నెలల్లో ఇన్సులిన్ మానేసింది. ఆమె అంతకుముందే కాలేయ మార్పిడి చేయించుకుని ఆ మందులు వాడుతోంది. పాత జబ్బు మళ్లీ దాడి చేస్తుందా లేదా అన్నది కాబట్టి ఆమెను చూసి చెప్పలేం. పెంచిన కణం, సవరించిన కణం ఒకటైన రోజున, అది కూడా పూర్తి మోతాదులో నిలిచినప్పుడు, సీసాకు నిజమైన పోటీ వచ్చినట్టు.

ఇక్కడ మారాల్సింది చట్టం, ఏర్పాట్లు కూడా. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అవయవాల గురించే మాట్లాడింది. 2011 సవరణలో కణజాలాలను చేర్చారు. దాన్ని మన రాష్ట్రానికి వర్తింపజేస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానం చేసింది. జీవన్‌మృతుల అవయవదానాన్ని నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం నడిపిస్తోంది. అయితే జిల్లా ఆస్పత్రిలో బ్రెయిన్‌డెడ్ అని ప్రకటించే ఏర్పాటు, కుటుంబంతో ఓపికగా మాట్లాడే మనిషి లేకపోతే ఎన్ని తీర్మానాలున్నా క్లోమం హైదరాబాద్ చేరదు. 65వ నంబర్ హైవే మీద జరిగే ప్రమాదాలు చూసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు.

ఈలోగా తల్లిదండ్రులు జాగ్రత్తపడాల్సింది 'స్టెమ్ సెల్స్‌తో షుగర్ మాయం' అనే ప్రకటనల విషయంలో. దేశంలో 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం రక్తానికి సంబంధించిన జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగాలే. ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, పాల్గొనే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా రెండు మూడు లక్షలు అడిగితే ముందుగా ఆ రిజిస్ట్రేషన్ నంబర్ అడగాలి. నంబర్ చెప్పి కూడా డబ్బు అడిగితే, అక్కడి నుంచి లేచి రావచ్చు.